స్విచ్చి ఏ వైరును తెంచుతోంది?

స్విచ్చి ఆపాం, లైటు ఆరింది. అంతమాత్రాన హోల్డర్లో కరెంటు లేదని చెప్పలేం. లైటు ఆరడానికి దారి ఎక్కడో ఒకచోట తెగితే చాలు. అది బల్బుకు ముందు తెగిందా, తర్వాత తెగిందా అన్నది బల్బుకు పట్టదు. స్టూలెక్కి హోల్డర్ విప్పేవాడికి మాత్రం అదే ప్రాణాంతకమైన తేడా.

మన ఇళ్లకొచ్చేది 230 వోల్టుల సింగిల్ ఫేజు. మీటరు నుంచి కరెంటును తెచ్చే ఫేజు, అది తిరిగెళ్లే దారైన న్యూట్రల్ వస్తాయి. మూడోది ఎర్త్, పెరట్లో గొయ్యి తీసి మనం వేసుకున్నది. ఫేజుకు ఎరుపు, న్యూట్రల్‌కు నలుపు, ఎర్త్‌కు పచ్చ వాడటం అలవాటు. కానీ రంగును నమ్మి చెయ్యి పెట్టకూడదు. ఎర్రవైరు చుట్ట అయిపోతే చేతికందిన రంగుతో పని ముగించేసిన ఇళ్లు కోకొల్లలు.

లైట్ల సర్క్యూట్‌కు 6 లేదా 10 ఆంపియర్ల ఎంసీబీ (కరెంటు మితిమీరితే తనంతట తానే పడిపోయి దారి తెంచే స్విచ్చి), 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు సరిపోతాయి. ఫేజు వైరు స్లాబులోని పైపు గుండా స్విచ్చిబోర్డులోకి దిగుతుంది. అక్కడ స్విచ్చిలన్నిటికీ ఒకవైపు స్క్రూలను కలుపుతూ లూపు వేస్తారు. రెండోవైపు స్క్రూ నుంచి ఒక్కో స్విచ్చికి ఒక్కో వైరు తన లైటు దగ్గరికి పైకెళ్తుంది. న్యూట్రల్ స్విచ్చి జోలికి పోకుండా నేరుగా హోల్డర్‌కు చేరాలి. ఒక లైటు సర్క్యూట్‌కు 10 పాయింట్లు, 800 వాట్లు మించకూడదన్నది పాత లెక్క. ఎల్‌ఈడీలొచ్చాక 800 దాకా ఎవరూ వెళ్లడం లేదుగానీ, 10 పాయింట్ల కట్టుబాటు ఉంచుకోవడమే మేలు. ఒక ఎంసీబీ పడితే ఇల్లంతా చీకటి కాదు.

ఇక అసలు తప్పు. ఫేజు బదులు న్యూట్రల్‌ను స్విచ్చికి తెస్తే లైటు మామూలుగానే వెలుగుతుంది, మామూలుగానే ఆరుతుంది. బోదె మొదట్లో తూము తలుపు దించితే బోదె ఎండుతుంది. చివర్న దించితే పారుదల ఆగుతుంది గానీ నీరు నిండుగా నిలిచే ఉంటుంది. ఇక్కడా అంతే, స్విచ్చి ఆపినా హోల్డర్ దాకా 230 వోల్టులూ అలాగే నిలిచి ఉంటాయి.

పట్టుకోవడం తేలికే. లైటు వేసి ఉంచి, స్విచ్చి స్క్రూకు టెస్టర్ ఆనించండి. వెలిగితే స్విచ్చి ఫేజులో ఉంది, సరే. లైటు వెలుగుతూ ఉండగా టెస్టర్ వెలగకపోతే స్విచ్చి న్యూట్రల్‌లో ఉన్నట్టు. ముందుగా ఆ టెస్టర్‌ను కరెంటున్న ప్లగ్గులో చూసుకోవాలి. ప్లాస్టిక్ కుర్చీ ఎక్కి పరీక్షిస్తే బాగున్న టెస్టర్ కూడా మసకగా కనిపిస్తుంది.

స్విచ్చి ఆపినా రాత్రిళ్లు ఎల్‌ఈడీ మిణుకుమంటోందంటే ఈ తప్పును అనుమానించొచ్చు, కానీ అదే రుజువు కాదు. స్విచ్చిలో ఉండే చిన్న ఎర్రదీపం గుండా పారే కరెంటు చాలు, ఎల్‌ఈడీ లోపల కరెంటును కూడబెట్టే కెపాసిటర్ నెమ్మదిగా నిండి ఒక్కసారి తళుక్కుమనడానికి. ఒకే పైపులో ఫేజు వైరు పక్కన చాలా దూరం నడిచిన వైరులోనూ ఆ కాస్త కరెంటు పుడుతుంది.

లైటు వెలగదు, హోల్డర్ రెండు పిన్నుల్లోనూ టెస్టర్ వెలుగుతుంది. దీన్ని చూసి రెండు ఫేజులొచ్చాయని కంగారుపడతారు. నిజానికి న్యూట్రల్ ఎక్కడో తెగింది. ఆన్‌లో ఉన్న ఇంకో ఫ్యాను గుండానో లైటు గుండానో ఫేజు తిరిగొచ్చి రెండో పిన్నులో కనిపిస్తోంది.

మెట్ల దగ్గర టూ వే స్విచ్చిలకు (ఒకే లైటును కింద నుంచీ పైనుంచీ వేసి ఆపేవి) మూడేసి స్క్రూలుంటాయి, వాటిలో ఒకటి కామన్. కింది స్విచ్చి కామన్‌కు ఫేజు, పైస్విచ్చి కామన్ నుంచి లైటుకు వైరు, మిగిలిన రెండేసి స్క్రూల మధ్య రెండు వైర్లు. కామన్ తారుమారైతే కిందది ఒకవైపు ఉన్నప్పుడే పైది పనిచేస్తుంది. కింది అంతస్తు ఫేజు తీసుకుని, దగ్గరగా ఉందని పై అంతస్తు న్యూట్రల్ కలిపేస్తే ఇంకో చిక్కు: అంతస్తుకో ఆర్‌సీసీబీ ఉన్న ఇంట్లో మెట్ల లైటు వేసినప్పుడల్లా ఏదో ఒకటి పడిపోతుంది. వెళ్లిన కరెంటు, తిరిగొచ్చిన కరెంటు సమానంగా ఉన్నాయా అని చూసి, తేడా వస్తే పడిపోవడమే ఆర్‌సీసీబీ పని. పడుతోందని దాన్ని తీసేయించేవాళ్లున్నారు. అంతకన్నా తెలివితక్కువ పని లేదు. ఎంసీబీ కాపాడేది వైరును. తడి ఒంటి గుండా పారే కరెంటు ఆంపియరులో పావువంతు కూడా ఉండకపోవచ్చు. మనిషిని చంపడానికి అది చాలు, 6 ఆంపియర్ల ఎంసీబీని కదిలించడానికి చాలదు. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీయే అక్కడ దిక్కు.

గోదావరి డెల్టాలో వీటన్నిటికీ చెమ్మ తోడవుతుంది. స్లాబు కారితే నీరు పైపులోకి దిగి ఫ్యాను బాక్సులోకో బోర్డులోకో చేరుతుంది. వానరాత్రుల్లోనే ఆర్‌సీసీబీ పడుతుంటే ముందు మేడమీద పగుళ్లు వెతకాలి. అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పుగాలికి ఇత్తడి స్క్రూలు చిలుము పడతాయి, పట్టు వదులవుతుంది, స్విచ్చి చిటపటమంటుంది, ప్లాస్టిక్ గోధుమరంగుకు మారుతుంది. వైరు కొసను మెలిపెట్టి, రెండుగా మడిచి, స్క్రూ కింద బిగిస్తే ఈ బాధ చాలావరకు తగ్గుతుంది. పాత పెంకుటిళ్లలోని అల్యూమినియం వైరుకు రాగి వైరు నేరుగా మెలిపెడితే ఈ చెమ్మలో ఆ అతుకు త్వరగా చెడుతుంది. నేల ఎప్పుడూ తడిగా ఉంటుంది కాబట్టి ఎర్త్ బాగుంటుందనుకోవడమూ సగమే నిజం. నేల మంచిదే, పైపు మీది క్లాంపు తుప్పుపడితే ఆ మంచి మనదాకా రాదు.

1986 ఆగస్టు, 2022 జులై వరదలు చూసిన లంకల్లో కొత్తగా ఇల్లు కట్టేవాళ్లు పైలైట్లకు, కింది ప్లగ్గులకు వేర్వేరు ఎంసీబీలు పెట్టించుకోవాలి. వైర్లన్నీ స్లాబు నుంచి కిందికి దిగాలి, నేలలోంచి పైకి రాకూడదు. ఆ ఎంసీబీ ఫేజు, న్యూట్రల్ రెండూ తెంచే రకమైతే, కింది ప్లగ్గులు మునిగినా దాన్ని దించేసి పైలైట్లు వాడుకోవచ్చు.

బోర్డు మునిగితే నీరు తీశాక మెయిన్ ఆపే ఉంచి, ఒండ్రు పట్టిన ఎంసీబీలు, ప్లగ్గులు, స్విచ్చిలు మార్చేయాలి. కడిగి ఎండబెడితే సరిపోదు. తర్వాత ఎంసీబీలన్నీ దించి మెయిన్, ఆర్‌సీసీబీ వేసి, ఒక్కో ఎంసీబీనే ఎత్తుతూ పోవాలి. దేనికి ఆర్‌సీసీబీ పడితే ఆ పైపులో తడి ఉంది. దాన్ని దించినా మిగతావి వాడుతుంటే మళ్లీ పడుతోందా? అయితే తడిసింది న్యూట్రల్. సింగిల్ పోల్ ఎంసీబీ ఫేజునే తెంచుతుంది కనుక, మెయిన్ ఆపి, ఎలక్ట్రీషియన్ చేత ఆ సర్క్యూట్ న్యూట్రల్‌ను కూడా లింకు (న్యూట్రల్ వైర్లన్నీ కలిసే పట్టీ) నుంచి విప్పించాలి.