తవుడు ఎవరికి పోయింది?

చి. బుజ్జికి, చి. చిన్నీకి, తాతయ్య ఆశీస్సులు.

బుజ్జీ, మొన్న ఆదివారం నువ్వు పంపిన వాయిస్ మెసేజ్ నాలుగుసార్లు విన్నాను. మొదటి మూడుసార్లు మీ ఇంట్లో మిక్సీ మోతకి ఏమీ అర్థం కాక, నాలుగోసారి ముచ్చటేసి. "తాతయ్యా, నా కార్డులో 63 రూపాయలు ఉండాలి కదా, ఎవరు తినేశారు?" అన్నావు. కిందటేడు పుట్టినరోజుకి పిన్ని నీకు వెయ్యి రూపాయల గిఫ్ట్ కార్డు ఇచ్చింది, 937 పెట్టి బ్యాడ్మింటన్ బ్యాట్ కొనుక్కున్నావు, మిగతాది జాగ్రత్తగా డిక్షనరీ మధ్యలో దాచావు, ఇప్పుడు తీసి పుస్తకాల షాపులో గీకితే మెషిన్ కుదరదు పొమ్మంది. అంతే కదా!

మీ నాన్నని అడిగితే టర్మ్స్ అండ్ కండిషన్స్ చదవలేదా అని నిన్నే తిడతాడు. వాటిని మొదట్నుంచి చివరిదాకా చదివినవాణ్ణి ఈ డెబ్భై రెండేళ్ళలో నేను ఒక్కణ్ణీ చూడలేదు, మీ నాన్నతో సహా. కాబట్టి అది పక్కన పెట్టి, మా ఊరి మర సంగతి చెబుతాను. నువ్వు అడిగిందానికీ దీనికీ సంబంధం ఉంది, కొంచెం ఓపిక పట్టు.

తెనాలి పక్కన మా ఊళ్ళో నా చిన్నప్పుడు ధాన్యం మరలు రెండుండేవి. కాలవ గట్టు మీద ఒకటి, చెరువు పక్కన ఒకటి. నాకు తొమ్మిదేళ్ళప్పుడు మా నాన్న, అంటే మీ ముత్తాతయ్య, ధాన్యం బస్తాలు బండికెత్తించి వాటి వెంట నన్ను కూడా పంపేవాడు. ఆ మర ఇంజను మోత ఇప్పటికీ నా చెవిలో ఉంది, టుక్కు టుక్కు టుక్కు మని, ఊరి చివరిదాకా వినబడేది. లోపలికెళితే తవుడు వాసన. వేడి వేడి బియ్యం కింద పడుతుంటే అరచేయి పట్టి బుక్కేవాళ్ళం, మర గుమాస్తా చూసీ చూడనట్టు ఊరుకునేవాడు. తిరిగొచ్చేటప్పటికి కనురెప్పల మీద కూడా తెల్లటి పొడి, మా అమ్మ నన్ను వాకిట్లోనే నిలబెట్టి తువ్వాలుతో దులిపేది.

సరే, అసలు విషయం. 75 కిలోల బస్తా ధాన్యం ఆడిస్తే బియ్యం దగ్గర దగ్గర 50 కిలోలు వస్తాయి. మిగతాది ఊక, తవుడు, నూకలు. కాలవ గట్టు మరలో బస్తాకింత అని కూలి తీసుకుని, తవుడూ నూకలూ అన్నీ మనకి ఇచ్చేసేవాళ్ళు. చెరువు పక్క మరలో మాత్రం పైసా కూలి లేదు. "ఊరికే ఆడిస్తాం" అనేవాళ్ళు. తవుడు మాత్రం వాళ్ళు ఉంచుకునేవాళ్ళు. మా నాన్న నన్ను పంపేటప్పుడు ఒకే మాట చెప్పేవాడు: "ఒరేయ్, బియ్యం మీద అందరూ కన్నేస్తారు, నువ్వు తవుడు మీద కన్నేసి ఉంచు."

ఇప్పుడు నీ కార్డు దగ్గరికి వద్దాం. ప్రీపెయిడ్ కార్డంటే ముందే డబ్బు పోసి పెట్టుకుని తర్వాత వాడుకునే కార్డు, అది నీకూ తెలుసు. ఇలాంటి కార్డు ఇచ్చేవాళ్ళు మరవాళ్ళ లాంటివాళ్ళే. వాళ్ళకీ ఇంజను ఖర్చు ఉంటుంది, గుమాస్తా జీతం ఉంటుంది. ఊరికే ఎవరూ ఆడించరు. కూలి పైకి కనబడేట్టు తీసుకుంటే అది కాలవ గట్టు మర. "జీరో ఫీజు, ఫ్రీ ఫ్రీ" అంటే అది చెరువు పక్క మర, అప్పుడు తవుడు ఎక్కడ ఉంచుకుంటున్నారో వెతకాలి. నీ గిఫ్ట్ కార్డుకి పిన్ని దగ్గర రూపాయి కూడా ఎక్కువ తీసుకోలేదట. మరి తవుడేది? నీలాగా 63 మిగిల్చి డిక్షనరీలో పెట్టి మర్చిపోయేవాళ్ళ దగ్గర ఉంటుంది కొంత.

అయితే వాళ్ళు తినేశారని అప్పుడే అనకు. ఇలాంటి కార్డులకి రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో నిబంధనలు ఇచ్చింది. గిఫ్ట్ కార్డు పదివేలకి మించకూడదు, మళ్ళీ నింపడానికి లేదు, ఏటీఎంలో నగదు తీయడానికి లేదు, కనీసం ఏడాదైనా చెల్లాలి. నీ కార్డుకి గడువు దాటిపోయింది, అందుకే మెషిన్ పొమ్మంది. కాబట్టి నీకు పనికొచ్చే ముక్క ఇదీ: గడువు దాటాక కార్డున్నవాళ్ళు అడిగితే దాన్ని మళ్ళీ చెల్లేట్టు చేసివ్వాలి. అడిగితే! అడగనివాళ్ళకి ఎవరూ ఇంటికొచ్చి ఇవ్వరు. (ఇది బ్యాంకులూ, రిజర్వు బ్యాంకు అనుమతి తీసుకున్న కంపెనీలూ ఇచ్చే కార్డుల మాట. ఏదో ఒక బట్టల షాపు తన షాపులోనే చెల్లేట్టు ఇచ్చే కార్డుకి ఇవి వర్తించవు, దాని వెనక ఏం రాసుంటే అదే.)

అందుకని మొన్న మీ నాన్న చేత ఫోన్ చేయించాను. కార్డు వెనక అచ్చేసిన నంబరుకే చేయమన్నాను, నెట్‌లో వెతికితే దొరికే నంబర్లలో దొంగలు కూర్చుని ఉంటారు. ఇరవై నిమిషాలు పాట వినిపించాక ఒకమ్మాయి మాట్లాడి, చేస్తాం సార్, కొత్త కార్డుకి 50 రూపాయలు, దాని మీద జీఎస్టీ 18 శాతం అంటే ఇంకో 9 అంది. 63లో 59 పోతే నీకు 4 రూపాయలు. నేనూ మీ నాన్నా ఫోన్లోనే నవ్వుకున్నాం. కొండను తవ్వి ఎలకను పట్టాం రా బుజ్జీ, ఆ ఎలక కూడా చచ్చినదే. కార్డు అక్కర్లేదు, మిగిలింది బ్యాంకు ఖాతాలో వెయ్యండి అని మెయిల్ పెట్టించాను. వస్తే నీకు చెబుతాను.

ఆ 63 నూకల్లాంటివి. నూకలు కూడా బియ్యమే, కాకపోతే వాటితో ఎవరూ విస్తట్లో అన్నం వడ్డించరు. మా అమ్మ మాత్రం ఒక్క గింజ పారేసేది కాదు, ఉప్మా చేసేది, జ్వరమొస్తే జావ కాచేది. నువ్వూ అలాగే ఇంకోసారి ఏ కార్డులోనైనా ఇలా కొంచెం మిగిలితే, గడువు దాటకముందే ఏదైనా కొనేటప్పుడు "ఈ కార్డులో ఇంత ఉందండీ, అంతవరకు గీకండి, మిగతాది నగదు ఇస్తాను" అని అడుగు. చాలా షాపుల్లో ఒప్పుకుంటారు. సిగ్గుపడకు. నీ డబ్బు నువ్వు ఖర్చు పెట్టుకోవడానికి సిగ్గెందుకు?

ఇక చిన్నీ, నీకు. ఆగస్టులో డాలస్ వెళ్ళేదానివి, రెండు ఫారెక్స్ కార్డుల (అంటే పరాయి దేశంలో వాడుకోవడానికి ముందే డాలర్లు నింపుకునే కార్డుల) కాగితాలు ఫోటో తీసి పంపి "ఏది మంచిది తాతయ్యా" అన్నావు. ఒకదానికి కార్డు ఇచ్చినందుకు 300 ఫీజు, రెండోదానికి ఏమీ లేదు. నీకు రెండోదే నచ్చిందని నువ్వు పెట్టిన బొమ్మలు చూస్తేనే తెలుస్తోంది.

ఇక్కడ తవుడు డాలరు రేటులో ఉంటుంది. ఉదాహరణకి ఫీజు తీసుకునేవాడు డాలరు 85 రూపాయలకి ఎక్కిస్తున్నాడనుకో, ఫీజు లేనివాడు 86 రూపాయల 20 పైసలకి ఎక్కిస్తున్నాడనుకో. రూపాయి పావలా లోపే కదా అనిపిస్తుంది. కానీ నువ్వు ఎక్కించేది రెండువేల డాలర్లు. 2,400 రూపాయలు! మూడొందల ఫీజు మాఫీ చేసి రెండువేల నాలుగొందలు చేటలో పోసుకున్నాడు, నువ్వేమో థాంక్స్ చెప్పి వచ్చావు. కాబట్టి ఫీజు ఎంత అని అడగొద్దు. ఇద్దరికీ ఒకే పూట ఫోన్ చేసి, "నా కార్డులో రెండువేల డాలర్లు పడాలంటే అన్నీ కలిపి మొత్తం ఎన్ని రూపాయలు కట్టాలి" అని ఒకే ప్రశ్న అడుగు. ఒకే పూట ఎందుకంటే రేటు సాయంత్రానికి మారిపోతుంది.

దారిలో దుబాయ్‌లో దిగుతావు కదా. డాలర్లు నింపిన కార్డుతో అక్కడ కాఫీ తాగితే దిర్హాముల్లో కట్టాలి, అలా డబ్బు మార్చినందుకు ఒక ఫీజు ఉంటుంది, నువ్వు పంపిన కాగితంలో మూడున్నర శాతం అని ఉంది చూడు. దిర్హాము ఏళ్ళ తరబడి డాలరుకి 3.67 దగ్గర గూటానికి కట్టేసిన గేదెలా కదలకుండా ఉంది, అయినా మార్చిపెట్టినందుకు కూలి కూలే. కాఫీ మీదైతే ఎంతో పోదులే, తాగు. అక్కడ ఫోను మాత్రం కొనకు. ఇంకోటి, కార్డు పెట్టగానే కొన్ని మెషిన్లు "రూపాయల్లో కడతారా, ఇక్కడి కరెన్సీలో కడతారా" అని మర్యాదగా అడుగుతాయి. రూపాయలు చూడగానే మనవాడెవరో కనబడ్డట్టు ప్రాణం లేచొస్తుంది, అదే పొరపాటు. రూపాయలు అంటే రేటు ఆ మెషిన్ వాడి ఇష్టం. ఏ దేశంలో ఉంటే ఆ దేశపు డబ్బు నొక్కు.

ఏటీఎం సంగతి. నీ కాగితంలో తీసిన ప్రతిసారీ 2 డాలర్లు అని ఉంది. ఇరవయ్యేసి డాలర్లు పదిసార్లు తీస్తే రెండొందలకి ఇరవై డాలర్లు గల్లంతు. పైగా అక్కడి ఏటీఎం పెట్టుకున్నవాడు వాడి వంతు వేరే తీసుకుంటాడు. తీస్తే ఒకేసారి తియ్యి, లేకపోతే తియ్యకు.

హోటళ్ళలో, పెట్రోలు బంకుల్లో బిల్లుకంటే ఎక్కువ ముందే పట్టి ఉంచుతారు, వాడనిది కొన్ని రోజులకి వదులుతారు. డబ్బు పోయిందని అర్ధరాత్రి ఫోన్ చేసి మీ అమ్మకి టెన్షన్ పెట్టకు.

చివరిగా, అక్కడ బ్యాంకు ఖాతా తెరవగానే ఈ కార్డు సొరుగులో పడేస్తావు, నాకు తెలుసు. సొరుగులో పడుకున్న కార్డుకి కూడా కొందరు ఫీజు వేస్తారు, ఇన్ని నెలలు వాడకపోతే ఇంత అని. అందులో ఉన్న డబ్బుకి వడ్డీ ఎలాగూ రాదు. కాబట్టి కొద్దిగానే నింపు, మొత్తం వాడెయ్యి, మిగిలిందేమైనా ఉంటే వెనక్కి ఇచ్చెయ్యి. ఏ రేటుకి వెనక్కి తీసుకుంటారో కూడా ముందే అడుగు, పోసేటప్పటి రేటు, తీసేటప్పటి రేటు ఒకటి కావు.

ఇంత చెప్పాక చెరువు పక్క మరవాడు మోసగాడని మీరు అనుకుంటారేమోనని భయంగా ఉంది. కాదర్రా. మాకు రెండు గేదెలుండేవి, తవుడు లేకపోతే వాటికి కుడితి లేదు, అందుకని మా నాన్న కూలి కట్టి కాలవ గట్టుకే వెళ్ళేవాడు. మా ఎదురింటి అవ్వకి గేదె లేదు, తవుడు తెచ్చుకుని ఏం చేసుకుంటుంది? ఆమె చెరువు పక్కకే వెళ్ళేది, అదే ఆమెకి లాభం. కార్డూ అంతే. నెలకోసారి వాడేవాడికి కుదిరింది రోజూ వాడేవాడికి కుదరదు. మంచి కార్డు ఏది అని అడిగితే నేనేం చెప్పను, మీ దొడ్లో గేదె ఉందో లేదో మీకే తెలుసు. ఊక ఏమిటో, దాన్ని కార్డులో దేనితో పోల్చాలో రెండు రోజుల నుంచి ఆలోచిస్తున్నాను, తట్టట్లేదు. మీ నానమ్మ "మీ తాతయ్య మాటలే ఊక" అంటోంది.

బుజ్జీ, నువ్వు ఇంకో ప్రశ్న కూడా అడిగావు, మిక్సీ మోతలో పోయింది. డబ్బు కార్డు లోపల ఎక్కడుంటుంది అని. నీ గిఫ్ట్ కార్డులో అసలు లేదు. డబ్బు బ్యాంకులో ఎక్కడో ఉంటుంది, కార్డు ఉత్త తాళంచెవి. కానీ నువ్వు స్కూలుకెళ్ళే మెట్రో కార్డు అలాంటిది కాదు, నీకెంత ఉందో అన్న లెక్క నిజంగానే ఆ కార్డు చిప్పులోనే రాసి ఉంటుంది. ఫోన్లో రీచార్జ్ చేశాక స్టేషన్లో మెషిన్‌కి ఆనిస్తే గానీ డబ్బు ఎక్కదు చూడు, అందుకే. గేటు ఎవరినీ అడగదు, నీ కార్డునే అడుగుతుంది, టక్కున చదువుతుంది, కొంత కొట్టేసి కొత్త లెక్క రాస్తుంది, తలుపు తీస్తుంది. అది పారేసుకుంటే నోటు పారేసుకున్నట్టే, జాగ్రత్త. మరి అందులో బ్యాటరీ లేదు కదా, కరెంటెలా వచ్చింది? గేటు దగ్గరికి వెళ్ళినప్పుడు గాల్లోంచే వస్తుంది. ఎలాగో కాగితం మీద రాయబోయి రెండుసార్లు కొట్టేశాను, నీకు చెప్పేంత బాగా రావట్లేదు.

ఆ కరెంటుని పట్టే తీగని మాత్రం నువ్వే చూడొచ్చు. రాత్రి గదిలో లైటు ఆపేసి, లేత రంగు మెట్రో కార్డు ఏదైనా తీసుకుని, వెనక మీ అమ్మ ఫోన్ టార్చి ఆనించి పెట్టు. అంచుల చుట్టూ సన్నటి తీగ పొలం గట్టులా తిరిగి కనబడుతుంది. ఎన్ని చుట్లున్నాయో లెక్కపెట్టి నాకు చెప్పు. మా ఇంట్లో కార్డుకి నాకు నాలుగు కనిపించాయి, అదీ కళ్ళజోడు లేకుండా.

ఇట్లు,
మీ తాతయ్య