బెర్ రూన్ గొడవ వెనక ఒక ఉంగరం ఉంది

కూకట్‌పల్లిలో మా బ్యాచ్‌లో ఈ వారం మళ్లీ అదే గొడవ. పాత డయాబ్లో 2 అనే కంప్యూటర్ ఆటకు కొత్త రూపమైన డయాబ్లో 2 రిసరెక్టెడ్ ఆడేవాళ్లలో ఒకతను తనకు దొరికిన బెర్ రూన్‌ని, అంటే ఆటలో చాలా అరుదుగా దొరికే ఒక మంత్రపు రాయిని, ముక్కూమొహం తెలియని మనిషికి ఇచ్చేసి ఫోన్‌పే కొట్టించుకున్నాడు. నా కష్టం, నా ఇష్టం అంటాడు. ఆటను బతికించేది ఇచ్చిపుచ్చుకోవడమే, దాంట్లోకి రూపాయి వస్తే ఇంక ఎవడూ ఎవడికీ ఉత్తిగా ఏదీ ఇవ్వడు అని మిగతావాళ్ల బాధ. ఇందులో ఒక తమ్ముడు మరీ డల్ అయిపోయాడు. ఎనిగ్మా అనే కవచానికి జా, ఇత్, బెర్ అనే మూడు రూన్లు కావాలి. జా, ఇత్ దాచుకుని రెండు నెలలుగా బెర్ కోసమే చూస్తున్నాడు.

ఈ జబ్బు 2012లో డయాబ్లో 3లో ఆక్షన్ హౌస్‌తో, అంటే ఆటలోని వస్తువులను వేలం వేసుకునే సంతతో, మొదలైందని అందరూ అంటారు. నేను ఒప్పుకోను. అసలు మలుపు అంతకు దాదాపు పదేళ్ల ముందే, స్టోన్ ఆఫ్ జోర్డాన్ అనే ఉంగరం దగ్గర వచ్చింది.

డయాబ్లో 2 వచ్చింది 2000లో. అందులో డబ్బుగా పెట్టిన బంగారం ఉత్త చెత్త. లెవెల్‌కి 10,000 చొప్పున, అంతకు మించి మోయలేం, చస్తే కొంత పోతుంది, పైగా అంగట్లో కొనదగ్గ సరుకే పెద్దగా ఉండదు. దాంతో ఆడేవాళ్లే సొంతంగా ఒక నాణెం చూసుకున్నారు. స్టోన్ ఆఫ్ జోర్డాన్ అన్ని స్కిల్స్‌నీ 1 పెంచుతుంది, మానాని (మంత్రశక్తిని) 25 శాతం పెంచుతుంది, ఏ క్యారెక్టర్‌కైనా పనికొస్తుంది. వీటన్నిటికన్నా పెద్ద విషయం, సంచిలో ఒకే ఒక్క గడి పడుతుంది. కవచానికైతే 6 గడులు కావాలి. సంచి మొత్తం 40 గడులే కాబట్టి ఉంగరాలతో నింపుకుంటే 40 పెట్టుకుని బేరానికి రావచ్చు. కత్తులూ కవచాలూ ఉండగా ఉంగరమే డబ్బుగా మారడానికి ఇదే కారణమని నా నమ్మకం.

డబ్బయ్యాక దొంగ నోట్లు రాకుండా ఉంటాయా? నైట్‌మేర్ అనే రెండో కష్టస్థాయిలో ఆండారియల్ అనే రాక్షసిని చంపీ చంపీ సంపాదించే ఉంగరాన్ని కొందరు సర్వర్ లోపాలు పట్టుకుని కాపీలు తీశారు. దిల్‌సుఖ్‌నగర్ నెట్ సెంటర్‌లో నా పక్క సీట్లో మా సీనియర్ ఒకన్న, షాకో టోపీ ఇచ్చి నాలుగు ఉంగరాలు తీసుకున్నాడు. ఆట మార్చి మళ్లీ లోపలికి వెళ్లేసరికి సంచిలో ఆ నాలుగు గడులూ ఖాళీ. కాపీవి కాబట్టి మాయమైపోయాయి. అన్న చాలాసేపు మౌస్ వదల్లేదు, ఆ గడుల మీదే అటూ ఇటూ తిప్పుతూ కూర్చున్నాడు.

2003లో 1.10 ప్యాచ్‌తో, అంటే ఆటను మార్చే అప్‌డేట్‌తో, ఆట తయారుచేసిన కంపెనీ బ్లిజార్డ్ దీనికి మందు వేసింది. ఉంగరాలను ఆటలోని వ్యాపారులకు అమ్మేయాలి, ఇన్ని అమ్ముడయ్యాయని అందరి స్క్రీన్ మీదా లెక్క కనబడుతుంది, తగినన్ని పోగయ్యాక ఉబెర్ డయాబ్లో అనే మహా రాక్షసుడు లేస్తాడు, వాణ్ణి చంపితే అనిహిలస్ అనే చార్మ్ (సంచిలో ఉంటే చాలు బలమిచ్చే తాయెత్తు) దక్కుతుంది. ఆడేవాళ్లు తమ డబ్బును తామే పోగుచేసి తగలబెట్టేలా చేసిన ఆ ఆలోచన నాకు ఇప్పటికీ గొప్పగానే అనిపిస్తుంది. కానీ జనానికి నాణెం అవసరం తీరలేదు కదా. మొత్తం 33 రూన్లు, ఒక్కోదానికి ఒక్క గడే. ఎనిగ్మా కూడా అదే ప్యాచ్‌లో వచ్చేసరికి ఉంగరం ఖాళీ చేసిన కుర్చీలో జా, బెర్ కూర్చున్నాయి. ఇవాళ మనం కొట్టుకుంటున్నది ఆ కుర్చీ గురించే.

ఆ తర్వాతది అందరికీ తెలిసిందే. ఎలాగూ బయట అమ్ముకుంటారు, అదేదో లోపలే భద్రంగా జరగనిద్దాం అన్నది కంపెనీ వాదన. 2012 జూన్‌లో నిజం డబ్బుల సంత తెరిచారు, 2014 మార్చి 18న మూసేశారు. అది ఆటను దెబ్బతీసిందని డైరెక్టర్‌గా చేసిన జే విల్సన్ 2013లోనే ఒప్పుకున్నాడు. లెజెండరీలను, అంటే అరుదైన గొప్ప వస్తువులను, ఇంకొకరికి ఇవ్వడానికి వీల్లేకుండా అకౌంట్‌కే కట్టేయడం ఆ తర్వాతి కథ. డయాబ్లో 4 కూడా 2023లో అలాగే మొదలై, 2024 మేలో మళ్లీ తలుపులు తెరిచింది.

రిసరెక్టెడ్‌లో మాత్రం పాత పద్ధతే. కట్టేయడాలు లేవు, సంత లేదు. డబ్బుకు అమ్మకూడదని నియమం ఉంది, ఆపాల్సింది మాత్రం మనమే. అమ్మినతను చెడ్డవాడేమీ కాదు, గుంపులో ఒక్కసారి అడిగి ఉంటే మేమే ఏదో ఒకటి కూడబెట్టి ఇచ్చేవాళ్లం.

తమ్ముడు నిన్న రాత్రి కూడా ఆటలో లోయర్ కురాస్ట్ అనే చోట పెట్టెలు తెరుస్తూనే ఉన్నాడు. స్టాష్‌లో (వస్తువులు దాచుకునే పెట్టెలో) రూన్లు పొదగడానికి మూడు సాకెట్లున్న మేజ్ ప్లేట్ కవచం, పక్కన జా, దాని కింద ఇత్, ఆ పక్కన ఒక గడి ఖాళీగా వదిలిపెట్టాడు.