మంత్రి మీద కేసైతే లాయర్ ఫీజు ఎవరి జేబులోంచి? అపోహలు - వాస్తవాలు

మెడ్రాస్ తంబు చెట్టి వీధిలో మా ఆఫీసు, హైకోర్టుకి నడిచి పోయేంత దూరం. కింద టీ కొట్టు దగ్గర షావుకారుపేటలో బట్టల షాపు నడిపే మా నెల్లూరాయన కనిపిస్తే చాలు, "ఏం లాయర్ గారూ, ఈ మినిస్టర్ల కేసులన్నీ మన టాక్స్ డబ్బులతోనే గదా" అని మొదలెడతాడు. సగం కరెక్టే. మిగతా సగం ఇక్కడ రాస్తున్నా.

అపోహ: మంత్రి పేరుంటే చాలు, ఖర్చు గవర్నమెంటుదే.

వాస్తవం: గవర్నమెంటు ఆర్డర్ మీద హైకోర్టులో వేసే రిట్ పిటిషన్‌లో మామూలుగా రెస్పాండెంట్ (ఎదుటి పార్టీ) అంటే "తమిళనాడు రాష్ట్రం, సెక్రటరీ ద్వారా" అని ఉంటుంది, గవర్నమెంట్ ప్లీడర్ వచ్చి నిలబడతాడు, ఫీజు డిపార్ట్‌మెంట్ ఇస్తుంది. మొన్నొక క్లయింటు "మంత్రిని కూడా పేరు పెట్టి లాగండి సార్" అని పట్టుబట్టాడు, మా జూనియర్ నాలుగో రెస్పాండెంటుగా టైప్ చేసి కూడా పెట్టాడు, నేను పెన్నుతో కొట్టేశా. కక్షతో చేశాడని ఆరోపిస్తేనే మనిషిని పేరు పెట్టి పార్టీ చెయ్యాలి, అప్పుడాయన సొంతంగా జవాబు చెప్పుకోవాలి. ఆర్డర్ తప్పంటే కుర్చీ మీద కేసు, అంతే.

అపోహ: మంత్రి నోరు జారితే నష్టపరిహారం గవర్నమెంటే కట్టాలి. కాదు. 2023 జనవరిలో కౌశల్ కిశోర్ కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం మంత్రి మాటల్ని గవర్నమెంటుకి అంటగట్టలేమని చెప్పేసింది.

అపోహ: మంత్రి వేసే పరువునష్టం కేసు ఆయన సొంత ఖర్చు.

ఇక్కడే అసలు తిరకాసు. నష్టపరిహారం కోసం సివిల్ దావా వేస్తే సొంత ఖర్చే. గవర్నమెంటు తన పరువు పోయిందని డామేజెస్ అడగలేదని మన మెడ్రాస్ ఆటో శంకర్ (జైల్లో ఆత్మకథ రాసిన హంతకుడు) వ్యవహారంలోనే, 1994లో సుప్రీంకోర్టు చెప్పింది. కానీ క్రిమినల్ వైపు ఇంకో దారుంది, పాత క్రిమినల్ ప్రొసీజర్ చట్టం (సీఆర్‌పీసీ) సెక్షన్ 199(2), ఇప్పుడు దాని బదులొచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ 222. డ్యూటీకి సంబంధించి మంత్రిని తిట్టారంటే గవర్నమెంట్ శాంక్షన్ (అనుమతి) ఇస్తుంది, పబ్లిక్ ప్రాసిక్యూటర్ నేరుగా సెషన్స్ కోర్టులో కంప్లైంట్ వేస్తాడు, మంత్రి చేతి నుంచి రూపాయి పోదు. జయలలిత హయాంలో ఐదేళ్లలో పరువునష్టం కేసులు 213 పెట్టారని 2016లో సుప్రీంకోర్టు ముందుకే లెక్క వచ్చింది. అవతల జర్నలిస్టులు మాత్రం సొంత డబ్బుతో వాయిదాలకి తిరగాలి గదా, నాకు కాలేది అక్కడే. 2020 మేలో మెడ్రాస్ హైకోర్టు అలాంటివి కొన్ని కొట్టేసింది.

మరి ఢిల్లీలో? జైట్లీ వేసిన పరువునష్టం కేసులో కేజ్రీవాల్ తరఫు రామ్ జెఠ్మలానీ బిల్లు మూడు కోట్ల పైన, దాన్ని ఖజానా నుంచి ఇవ్వాలా వద్దా అని 2017లో పెద్ద రచ్చ. సీఎం కుర్చీలో ఉండి అన్నాడు కాబట్టి ఇవ్వాలని ఒకళ్లు, సొంత నోటి గొడవకి మా డబ్బా అని ఇంకొకళ్లు. నా లెక్కలో రెండోదే కరెక్టు.

అపోహ: కేసు వేరే స్టేట్‌కి పోతే ఖర్చు ఆ స్టేట్‌ది.

వాస్తవం: జయలలిత ఆస్తుల కేసు 2003లో బెంగళూరుకి పోయినప్పుడు ప్రాసిక్యూటర్ ఫీజు ముందు కర్ణాటక ఇవ్వాలి, తర్వాత తమిళనాడు దగ్గర రాబట్టుకోవాలి అని సుప్రీంకోర్టు ఆర్డర్‌లోనే రాసింది. అది ప్రాసిక్యూషన్ ఖర్చు మాత్రమే.

ఇంకోటి, "ఓడినోళ్లు మొత్తం ఖర్చులు కట్టాలిగా" అంటారు. చట్టంలో ఉంది, సివిల్ ప్రొసీజర్ కోడ్ (సీపీసీ) సెక్షన్ 35. ప్రాక్టికల్‌గా రిట్ ఆర్డర్ చివరి లైన్ చూడండి, చాలా వాటిల్లో "నో కాస్ట్స్" (ఎవరి ఖర్చు వాళ్లదే) అనే ఉంటుంది.

ఫలానా కేసులో లాయర్లకి ఎంతిచ్చారో తెలుసుకోవాలంటే ఆర్టీఐ ఫీజు పది రూపాయలే, కేసు నంబర్ రాసి "ఫీ బిల్లు శాంక్షన్ ఆర్డర్ కాపీ" అని అడగండి, ఊరికే "ఎంత ఖర్చయింది" అంటే చుట్టూ తిప్పి ఏదో రాసి పంపిస్తారు. నెల్లూరాయనకి ఇదే చెప్తే "ఆ పది రూపాయలు కూడా నేనే కట్టాల్నా" అన్నాడు.