ఈ గొయ్యి ఎవరిది? విశాఖ రోడ్ల వెనుక కథ

అక్కయ్యపాలెంలో మా వీధికి కొత్తగా తారు వేసి నాలుగు నెలలు తిరక్కుండానే పైపు కోసం రోడ్డుకు అడ్డంగా గాడి తవ్వారు. పైపు వేసి, మట్టి పూడ్చి, పైన కాస్త సిమెంటు పూసి వెళ్లిపోయారు. మొదటి పెద్ద వానకే అది బెత్తెడు లోతు దిగిపోయింది. పక్కింటి పిన్నిగారు తెల్లవారుజామున పాల ప్యాకెట్‌కని వెళ్తూ అందులో కాలు పడి మణికట్టు విరగ్గొట్టుకున్నారు. ఫిర్యాదు చేస్తే ముందు వచ్చిన ప్రశ్న ఒకటే: "అది తవ్వింది ఎవరండీ?"

విశాఖ రోడ్ల చరిత్రంతా ఆ ప్రశ్నలోనే ఉంది.

ఇక్కడ మున్సిపాలిటీ ఏర్పడింది 1858లో. అప్పుడు ఊరంటే ఇప్పుడు మనం వన్ టౌన్ అనే కోటవీధి చుట్టుపక్కలే. 1933లో హార్బరు తెరుచుకుంది. ఆ తర్వాత షిప్‌యార్డు, రిఫైనరీ, స్టీల్ ప్లాంటు వచ్చాయి. వాటితోపాటు లోడు లారీలూ వచ్చాయి. 1979లో మున్సిపాలిటీ కార్పొరేషన్ అయింది. అసలు మలుపు మాత్రం 2005 నవంబరులో. గాజువాక మున్సిపాలిటీని, 32 గ్రామాలను కలిపి గ్రేటర్ విశాఖ మహానగర పాలక సంస్థ (జీవీఎంసీ) చేశారు. 2013లో భీమిలి, అనకాపల్లి కూడా చేరాయి. ఇప్పుడు జీవీఎంసీ 98 వార్డులతో 680 చదరపు కిలోమీటర్లు దాటింది. కలిసిన పల్లెల్లో చాలాచోట్ల రోడ్డు ఉంది కానీ పక్కన కాలువ లేదు. ఆ లోటు ఒక్క ఉత్తర్వుతో నగరానికి బదిలీ అయిపోయింది.

పైగా ఊళ్లో ఉన్న రోడ్లన్నీ కార్పొరేషన్‌వి కావు. మధురవాడ, మద్దిలపాలెం, గాజువాక మీదుగా వెళ్లేది జాతీయ రహదారి. కొన్ని రాష్ట్ర రోడ్లు, భవనాల శాఖ (ఆర్ అండ్ బీ)వి, కొన్ని పోర్టువి, కొన్ని నగరాభివృద్ధి సంస్థ వీఎంఆర్‌డీఏ వేసినవి. బండి మీద వెళ్లేవాడికి అదంతా ఒకటే రోడ్డు. గొయ్యి పడినప్పుడే హద్దులు బయటపడతాయి. 2024 నవంబరు 2న ముఖ్యమంత్రి పరవాడ మండలం వెన్నెలపాలెంలో గుంతల రహిత రోడ్ల కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు మా వీధిలో అందరం ఆశపడ్డాం. అది ప్రధానంగా ఆర్ అండ్ బీ రోడ్ల కోసమని తర్వాత తెలిసింది.

కార్పొరేషన్ రోడ్డయితే పని ఇలా నడుస్తుంది. వార్డు ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) చూసి ఎస్టిమేట్ వేస్తారు. ఆ పై ఇంజినీర్లు డీఈ, ఈఈలను దాటాక మొత్తాన్ని బట్టి కమిషనరో, స్టాండింగ్ కమిటీయో, కౌన్సిలో మంజూరు చేయాలి. ఆపైన ఆన్‌లైన్ టెండరు, అగ్రిమెంటు, పని, ఎం-బుక్ అనే కొలతల పుస్తకంలో నమోదు, చివరికి బిల్లు. ఏ మెట్టూ అనవసరం కాదు, ప్రజల డబ్బు కదా. కానీ వానాకాలంలో పడిన గోతికి అప్పుడు ఫైలు కదిలితే, అది తేలేసరికి మళ్లీ మబ్బు పడుతుంది. మనకు జూన్ నుంచి వానలు, అక్టోబరు, నవంబరుల్లో తుపాన్లు. తారు పనికి నమ్మకంగా దొరికేది డిసెంబరు నుంచి మే వరకే. ఇంకో లోటు కూడా చెప్పాలి. 2007లో ఎన్నికైన కౌన్సిల్ గడువు 2012లో ముగిస్తే, మళ్లీ ఎన్నికలు జరిగింది 2021 మార్చిలో. ఆ తొమ్మిదేళ్లూ మా వీధి గోడు కౌన్సిల్లో వినిపించడానికి కార్పొరేటర్ అనే మనిషే లేడు.

ఆ మధ్యలోనే హుద్‌హుద్ తుపాను వచ్చింది. 2014 అక్టోబరు 12న కరెంటు స్తంభాలు వేలల్లో నేలకూలాయి. ఆ అనుభవంతోనే ప్రపంచ బ్యాంకు రుణంతో తీగలను భూమిలోకి దించే పని పెట్టుకున్నారు. మంచి నిర్ణయం. భూగర్భ డ్రైనేజీ, మంచినీటి లైన్లు, ఇంటర్నెట్ కేబుళ్లు, అన్నీ కావలసినవే. కాకపోతే అన్నీ ఆ రోడ్డు కిందికే వెళ్లాలి, ఒక్కొక్కటీ ఒక్కోసారి. తవ్వే సంస్థ రోడ్ కటింగ్ ఛార్జీలు కట్టాలన్న నియమం ఉంది. డబ్బు కట్టిన రోజుకీ తిరిగి తారు పడే రోజుకీ మధ్య ఎన్ని నెలలన్నదే అసలు టెన్షన్.

ప్యాచ్ వర్క్ అంటే పార పట్టి గోతిలో కంకర నింపడం కాదు. గొయ్యి అంచులు నిటారుగా కోయాలి. అడుగున నీరు, దుమ్ము లేకుండా ఊడ్చాలి. పల్చగా తారు పూత పూసి, వేడి తగ్గకముందే మిక్స్ పోసి, రోలర్‌తో అణచాలి. వీటిలో ఒక్కటి వదిలేసినా అంచు దగ్గర సన్నటి సందు మిగులుతుంది. అందులోకి నీరు దిగితే తారు రాయిని వదిలేస్తుంది, బస్సు చక్రం దాన్ని లేపేస్తుంది. మన ఊరు కొండలకీ సముద్రానికీ మధ్య వాలు మీద ఉంది. గంట వాన పడితే నీళ్లన్నీ గెడ్డల్లోకి, అంటే వాన నీటి వాగుల్లోకి, పరుగెడతాయి. గెడ్డ పూడిపోయి ఉంటే రోడ్డే గెడ్డ అవుతుంది. అందుకే కొండవాలు కాలనీల్లో సీసీ (సిమెంటు కాంక్రీటు) రోడ్లే మేలని నా అభిప్రాయం. కానీ సీసీని ఒకసారి కోస్తే మళ్లీ అతకడం ఇంకా కష్టం.

చేతకాక రోడ్లు ఇలా ఉన్నాయని మాత్రం ఎవరూ అనలేరు. 2016 ఫిబ్రవరిలో నౌకాదళ ఫ్లీట్ రివ్యూకి, 2023 మార్చిలో జీ20 సమావేశాలకి, 2025 జూన్ 21న యోగా దినోత్సవానికి బీచ్ రోడ్డు ఎలా ఉందో అందరం చూశాం. ఏ విభాగం ముందు తవ్వాలో, ఏది తర్వాత పూడ్చాలో తేదీ పెట్టుకుని కలిసి కూర్చుంటే పని అవుతుంది. వీధి రోడ్డుకీ అలా కూర్చోవాలనే మేం అడిగేది.

మొన్న ఏఈ గారు వచ్చి టేపుతో గాడి కొలిచారు. పొడవు పదిహేను అడుగులు, వెడల్పు రెండు. ఈసారి తారు వేసే ముందు ఇంకెవరైనా తవ్వాల్సి ఉందా అని అడిగాను. గ్యాస్ లైను దరఖాస్తు ఏదైనా వచ్చిందేమో చూసి సోమవారం చెబుతామన్నారు.