మడమ నొప్పికి మర్నాటి ఉదయమే కొలబద్ద

మడమ వెనుక నొప్పి పుట్టిందంటే గోదావరి జిల్లాల్లో రెండు సలహాలు అడగకుండానే దొరుకుతాయి. ఇంట్లో అమ్మమ్మ "నెల్లాళ్లు పరుగు మానెయ్యి నాన్నా, అదే తగ్గుతుంది" అంటుంది. మైదానంలో డ్రిల్లు మాస్టారు "ఒళ్లు వేడెక్కితే అదే పోతుంది, ఇంకో రెండు రౌండ్లు కొట్టు" అంటారు. ఇద్దరూ అనుభవం మీదే చెబుతారు. నెల్లాళ్లు ఆగితే నొప్పి నిజంగానే తగ్గుతుంది. పరుగు మళ్లీ మొదలుపెట్టిన వారానికి తిరిగొస్తుంది. పది నిమిషాలు పరిగెత్తితే నొప్పి నిజంగానే పోతుంది. మర్నాడు మంచం దిగేటప్పుడు రెట్టింపై ఎదురవుతుంది. ఎందుకిలా జరుగుతుందో తెలియాలంటే పిక్కకీ మడమకీ మధ్య ఉన్న ఆ పట్టీ సంగతి కొంచెం చూడాలి.

పిక్కలో రెండు ప్రధాన కండరాలున్నాయి. పైకి ఉబ్బెత్తుగా కనిపించేది ఒకటి, దాని అడుగున బల్లపరుపుగా పరుచుకున్నది మరొకటి. రెండూ కిందికి దిగుతూ ఒకే పట్టీగా కలిసి మడమ ఎముక వెనుక అతుక్కుంటాయి. అదే అకిలిస్ టెండన్. పొడవు సుమారు 15 సెంటీమీటర్లు. శరీరంలోని టెండన్లన్నిటిలోకీ దృఢమైనది ఇదే. కోనసీమలో కొబ్బరి పీచుతో తాడు పేనడం చూసినవారికి దీని అమరిక ఇట్టే అర్థమవుతుంది: సన్నని పోగులు కలిసి పేట, పేటలు కలిసి తాడు. ఇక్కడి పోగు కొల్లాజెన్ అనే ప్రోటీన్. మడమ దగ్గర పడేకొద్దీ ఈ పేటలు కొంత మెలి తిరుగుతాయి కూడా.

పరుగులో ఒక్కో అడుగుకు ఈ టెండన్ మీద శరీర బరువుకు 6 నుంచి 8 రెట్ల లాగుడు పడుతుందని అంచనా. 60 కిలోల మనిషికి అది మూడున్నర క్వింటాళ్లకు తగ్గదు. కిలోమీటరుకు ఒక్కో కాలు దాదాపు 500 సార్లు నేలను తాకుతుంది. 5 కిలోమీటర్లు పరిగెత్తి ఇంటికి వచ్చేసరికి ఒక్కో మడమ ఆ బరువును రెండు వేల పైచిలుకు సార్లు భరించి ఉంటుంది. భరించడంతో దాని పని అయిపోదు. పాదం నేల మీద ఆనినప్పుడు సాగి, శక్తిని దాచుకుని, పాదం లేచేటప్పుడు తిరిగి ఇస్తుంది. 1987లో ఇంగ్లండులోని లీడ్స్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు దీన్ని లెక్కగట్టారు. వేగంగా పరిగెత్తే 70 కిలోల మనిషి ఒక్కో అడుగులో పోగొట్టుకుని మళ్లీ పొందే యాంత్రిక శక్తిలో సుమారు 35 శాతాన్ని ఈ ఒక్క టెండనే దాచి ఇస్తుంది. చింపాంజీలకూ గొరిల్లాలకూ ఇది చాలా పొట్టి. అవి చెట్లెక్కడంలో మనల్ని మించుతాయి గానీ మైళ్ల దూరం పరిగెత్తలేవు.

ఇంత పని చేసే ఈ పట్టీకి రక్తప్రసరణ కండరంతో పోలిస్తే తక్కువ, మరమ్మతు నిదానం. ఎంత నిదానమో తేల్చిన పరిశోధన ఒకటుంది, దాని గురించి చెప్పకుండా ఉండలేను. 1950ల మధ్య నుంచి 1963 వరకు అగ్రదేశాలు ఆరుబయట అణుబాంబులు పేల్చి చూసుకున్నాయి. ఆ పేలుళ్ల వల్ల గాలిలో కార్బన్-14 అనే రేడియోధార్మిక కార్బన్ దాదాపు రెట్టింపయింది. ఆరుబయట పరీక్షలు ఆపాలన్న 1963 ఒప్పందం తర్వాత క్రమంగా తగ్గింది. గాలిలోని కార్బన్ పైరులోకి, పైరు నుంచి కంచంలోకి వస్తుంది. కాబట్టి ఒక కణజాలంలో కార్బన్-14 ఎంత ఉందో కొలిస్తే అది ఏ కాలంలో తయారైందో చెప్పవచ్చు. 2013లో డెన్మార్క్ పరిశోధకులు ఈ పద్ధతిలో చనిపోయినవారి అకిలిస్ టెండన్లను పరీక్షించారు. టెండన్ నడిగర్భం మనిషి ఎత్తు పెరిగే వయసులో, అంటే సుమారు 17 ఏళ్ల లోపు తయారై, ఆ తర్వాత దాదాపుగా మారనేలేదని తేలింది. అదే మనిషి కండరం మాత్రం నిత్యం కొత్తదవుతూనే ఉంది. అరవైల్లో డెల్టా వరి అన్నం తిని ఎదిగిన ఇప్పటి తాతగారి మడమలో, ఎక్కడో పసిఫిక్ దీవుల్లో పేలిన బాంబు ఆనవాళ్లు ఈనాటికీ చెక్కుచెదరకుండా ఉండి ఉంటాయి.

అందుకే తొందర పనికిరాదు. కొత్తగా పరుగు మొదలుపెట్టినవారికి ఊపిరి కొన్ని వారాల్లో అలవాటు పడుతుంది, పిక్క కండరం ఆ వెంటనే బలపడుతుంది. టెండన్‌కు నెలలు కావాలి. గట్టి పరుగు తర్వాత మొదటి ఒకటి ఒకటిన్నర రోజు కొల్లాజెన్ పుట్టేదాని కంటే విరిగేదే ఎక్కువ. ఆ తర్వాతే లెక్క లాభంలోకి మళ్లుతుంది. ఆ విరామం ఇవ్వకుండా రోజూ గట్టిగా లాగితే అప్పు మీద అప్పు చేరుతుంది.

డెల్టాలో ఇది ఎవరిలో ఎక్కువగా చూస్తామో ఊహించడం కష్టం కాదు. పోలీసు ఉద్యోగాలకు నోటిఫికేషన్ పడగానే కాలవ గట్లన్నీ తెల్లవారుజామున కుర్రాళ్లతో నిండిపోతాయి. అప్పటిదాకా పుస్తకాలు పట్టుకుని కూర్చున్నవాళ్లు ఒక్కసారిగా 1,600 మీటర్లను గడియారంతో పోటీపడి రోజూ పరిగెత్తుతారు. రెండో రకం నలభై దాటిన ఉద్యోగులు, వ్యాపారులు. వీరికి రాజమహేంద్రవరంలోనో భీమవరంలోనో పది కిలోమీటర్ల పరుగు అనగానే నెల ముందు ఉత్సాహం పుడుతుంది. ఇద్దరి విషయంలోనూ పరుగు కంటే పెంచిన తీరే తప్పు.

నేల సంగతి కూడా చెప్పాలి. మన ప్రాంతం ఎంత చదునంటే, పరిగెత్తేవారికి ఎత్తు అన్నదే తెలియదు, వంతెన ఎక్కేదాకా. కొవ్వూరు నుంచి రాజమహేంద్రవరం వైపు 1974 నాటి రోడ్డు-రైలు వంతెన ఎక్కినా, యానాం దగ్గర ఎదుర్లంక వంతెన ఎక్కినా, చీలమండ ఎక్కువ వంగి పిక్క అదనంగా లాగాల్సి వస్తుంది. చదును నేలకే అలవాటు పడిన మడమకు అది కొత్త బరువు. అంతర్వేది, ఓడలరేవు, పేరుపాలెం తీరాల్లో మెత్తటి ఇసుక మరో రకం పరీక్ష: మడమ దిగబడుతుంది, తోసే ప్రతి అడుగుకూ పిక్క రెట్టించి పనిచేయాలి. ఇసుక మెత్తన కదా, కాళ్లకు మంచిదనుకోవడం ఈ టెండన్ విషయంలో పొరపాటు. రోజంతా మడమ ఎత్తులేని పలచటి చెప్పులు, ఉదయం మాత్రం మడమ ఎత్తున్న బూట్లు వాడేవారు ఉన్నట్టుండి పలచటి అడుగున్న బూట్లకు మారినా, మునివేళ్ల మీద పరిగెత్తడం నేర్చుకోబోయినా అదే ఫలితం.

నొప్పి అనగానే వాపు, వాపు అనగానే బిళ్ల అనుకుంటాం. నెలల తరబడి ఉన్న అకిలిస్ నొప్పిలో మామూలు అర్థంలో వాపు తక్కువే. సూక్ష్మదర్శినిలో కనిపించేది పోగుల వరస చెదరడం, మధ్యలో నీటిని పట్టి ఉంచే పదార్థం చేరడం, కొత్త రక్తనాళాలు మొలవడం. అందుకే నొప్పి మాత్ర నాలుగు రోజులు ఊరట ఇస్తుందేమో గానీ పోగులను సరిచేయదు. కొబ్బరి నూనె మర్దన హాయిగా ఉంటుంది, కాదనను, హాయి వరకే. స్కానింగ్ కూడా తికమక పెడుతుంది. ఏ నొప్పీ లేని పరుగువాళ్లలోనూ టెండన్ దళసరిగా, చెదిరినట్టుగా కనిపించవచ్చు. నొప్పి పూర్తిగా పోయినవారిలో స్కాన్ అలాగే ఉండవచ్చు. చిత్రం చూసి బెంగపడడం కంటే కాలు ఏం చేయగలుగుతోందో చూడడం మేలు.

ఇక చికిత్స. ఉత్తర స్వీడన్‌లోని ఉమియో పట్టణంలో హాకన్ ఆల్ఫ్రెడ్‌సన్ అనే ఎముకల వైద్యుడు ఉన్నారు. పరుగు అలవాటున్న ఆయనకే ఈ నొప్పి పట్టుకుంది. శస్త్రచికిత్స చేయమంటే పై వైద్యుడు ఒప్పుకోలేదు. టెండన్ తెగిపోతే అప్పుడైనా చేయక తప్పదు కదా అని, నొప్పి పెట్టే వ్యాయామాన్నే పట్టుబట్టి చేశారట. తెగలేదు సరికదా, నొప్పి పోయింది. క్రీడావైద్యంలో అందరూ చెప్పుకునే కథ ఇది. 1998లో ఆయన బృందం 15 మంది పరుగువాళ్లతో ఇదే వ్యాయామం చేయించి ఫలితాలు ప్రచురించింది: 12 వారాల్లో అందరూ తిరిగి పరుగుకు వెళ్లారు. చిన్న పరిశోధనే, యాదృచ్ఛికంగా ఎంపిక చేసిన పోలిక కూడా లేదు. అయినా అప్పటిదాకా విశ్రాంతి, బిళ్ల, కత్తి తప్ప తెలియని వైద్యానికి అది దారి మార్చింది.

ఆ వ్యాయామానికి ఇంటి మెట్టు చాలు. మెట్టు అంచున మునివేళ్ల మీద నిలబడి, రెండు కాళ్లతో పైకి లేచి, నొప్పి ఉన్న కాలి మీదే బరువంతా వేసి మడమను నెమ్మదిగా మెట్టు కంటే కిందికి దించాలి. మోకాలు నిటారుగా ఉంచి 15 సార్లు చొప్పున మూడు విడతలు, కొంచెం వంచి మరో మూడు విడతలు. మోకాలు వంచినప్పుడు అడుగున ఉన్న కండరానికి పని ఎక్కువ పడుతుంది. పూటకు 90, రెండు పూటలా 180, 12 వారాలు. తేలికైనప్పుడు వీపు సంచిలో ఐదు కిలోల బియ్యం వేసుకోవచ్చు. ఇంత ఓపిక అందరికీ ఉండదు. 2015లో డెన్మార్క్‌లో జరిగిన పోలికలో, వారానికి మూడు రోజులే ఎక్కువ బరువుతో, చాలా నిదానంగా లేచి దిగినవారికీ దాదాపు ఇదే ఫలితం వచ్చింది. ఉద్యోగం, పొలం, పిల్లలు ఉన్నవారికి నేనైతే రెండోదే చెబుతాను. చేయగలిగిన వ్యాయామమే పనిచేస్తుంది.

ఈ నెలల్లో పరిగెత్తవచ్చా? 2007లో స్వీడన్‌లోనే దీనికి జవాబు వెతికారు. 38 మందిని రెండు జట్లు చేసి, ఇద్దరికీ ఒకే వ్యాయామం ఇచ్చారు. ఒక జట్టు మొదటి ఆరు వారాలు పరుగు, దూకుళ్లు ఆపింది. మరో జట్టు హద్దులో ఉంటూ కొనసాగించింది. ఏడాది తర్వాత చూస్తే రెండు జట్లూ కోలుకున్న తీరులో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఆ హద్దు ఏమిటన్నదే అసలు సంగతి. నొప్పి లేకపోవడం సున్నా, ఊహించగల అత్యంత నొప్పి 10 అనుకుంటే, పరుగులో 5 వరకు రావచ్చు. పరుగు తర్వాత కూడా 5 దాకా పోవచ్చు. కానీ మర్నాడు ఉదయానికి అది సద్దుమణగాలి. వారం వారం ఉదయపు బిగుతు పెరగకూడదు.

మాస్టారి సలహాలోని లోపం ఇక్కడ పట్టుబడుతుంది. వేడెక్కిన టెండన్ నొప్పిని తాత్కాలికంగా దాస్తుంది, కాబట్టి పరిగెత్తేటప్పటి నొప్పి నమ్మదగ్గ సాక్షి కాదు. మంచం దిగి వేసే మొదటి అడుగులు అబద్ధం చెప్పవు. నిన్నటి పరుగు ఎక్కువైందా, సరిపోయిందా అన్నది అవే తేలుస్తాయి. బిగుతు పెరిగితే దూరం, వేగం తగ్గించాలి. రెండు పరుగుల మధ్య కనీసం ఒక రోజు ఖాళీ ఇవ్వాలి. మొదట చదును గట్టు మీద నిదానపు పరుగు, ఆ తర్వాత దూరం, ఆ తర్వాతే వేగం. వంతెనలు, ఇసుక అన్నిటికంటే చివర. అమ్మమ్మ చెప్పిన నెల విశ్రాంతిలో టెండన్ కోలుకోకపోగా బరువు మోసే శక్తిని ఇంకా పోగొట్టుకుంటుంది. పాత దూరానికి ఒక్కసారిగా వెళ్లినప్పుడు తిరగబడేది అందుకే.

నొప్పి ఎక్కడ ఉందన్నది కూడా చూసుకోవాలి. ఎముక నుంచి 2 నుంచి 6 సెంటీమీటర్ల పైన, వేళ్లతో నొక్కితే గట్టిగా తగిలే చోట ఉంటే పై పద్ధతి సరిపోతుంది. సరిగ్గా ఎముకకు అతుక్కున్న చోటే ఉంటే మడమను మెట్టు కంటే కిందికి దించకూడదు. అలా దించితే టెండన్ ఎముకకు ఒత్తుకుంటుంది. సమతల నేల మీదే లేచి దిగాలి. గొంతు కూర్చోవడం, పిక్కను పట్టి సాగదీయడం కూడా కొన్నాళ్లు తగ్గించాలి. బూటులో మడమ కింద చిన్న మెత్త పెట్టుకుంటే రెండు రకాల నొప్పిలోనూ ఊరట దొరకవచ్చు.

మందుల దుకాణంలో చీటీ లేకుండా యాంటీబయాటిక్‌లు కొనే అలవాటు మన దగ్గర ఉంది కాబట్టి ఒక హెచ్చరిక. సిప్రోఫ్లాక్సాసిన్, లీవోఫ్లాక్సాసిన్ వంటి మందులు ఈ టెండన్‌ను దెబ్బతీసి తెంపగలవు. 2008లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ వాటి సమాచార పత్రంలో తీవ్ర హెచ్చరిక చేర్చమంది. అరవై దాటినవారికి, స్టెరాయిడ్ మాత్రలు వాడేవారికి ముప్పు మరీ ఎక్కువ. ఆ మందు వాడుతుండగా మడమ నొప్పి మొదలైతే పరుగు ఆపి, మందు మార్చే విషయం వైద్యుడిని అడగాలి. టెండన్‌లోకే స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేయించుకోవడం కూడా ప్రమాదమే. రెండు మడమల వెనుకా టెండన్ గడ్డకట్టినట్టు దళసరిగా ఉండి, ఇంట్లో చిన్న వయసు గుండెపోట్లు ఉంటే, ఒకసారి కొలెస్ట్రాల్ చూపించుకోవడం మంచిది. వంశపారంపర్యంగా వచ్చే అధిక కొలెస్ట్రాల్ ఇక్కడే పేరుకుంటుంది.

పరిగెత్తుతుండగా టప్పుమని చప్పుడై, వెనుక నుంచి ఎవరో తన్నినట్టు అనిపించి, తిరిగి చూస్తే ఎవరూ లేకపోతే, అది తెగిన టెండన్ కావచ్చు. నొప్పి తక్కువగా ఉన్నా, నడవగలుగుతున్నా సరే. బోర్లా పడుకోబెట్టి పిక్కను పిసికితే పాదం కిందికి వంగాలి. వంగకపోతే తెగినట్టే లెక్క. కట్టు కట్టుకుని వారం చూద్దామనుకోకుండా అదే రోజు ఎముకల వైద్యుడి దగ్గరికి వెళ్లాలి. ఆలస్యమైతే తెగిన కొసలు దూరమైపోయి, చికిత్స కష్టమవుతుంది.