సైనిక పాలనలో పత్రిక గొంతు నొక్కడం: బ్రెజిల్ ‘పస్కిం’ చుట్టూ అపోహలు - వాస్తవాలు

నియంతలు పత్రికను అణిచేశారనగానే ఆఫీసుకు తాళం, ఎడిటర్ చేతికి బేడీలు గుర్తొస్తాయి. బ్రెజిల్‌ను 1964 నుంచి 1985 దాకా సైన్యం ఏలింది. ఆ రోజుల్లో రియో నుంచి వెలువడిన వారపత్రిక పస్కింకు తాళం పడలేదు. దెబ్బలన్నీ డెడ్‌లైన్ మీద, ప్రెస్ బిల్లు మీద, పత్రిక అమ్మే బంకు మీద పడ్డాయి.

అపోహ: సైన్యం రాగానే స్వతంత్ర పత్రికలన్నీ మూతపడ్డాయి.

వాస్తవం: పెద్ద పత్రికల్లో చాలా భాగం 1964 తిరుగుబాటుకు వంత పాడాయి. అధ్యక్షుడు దిగిపోవాలని సంపాదకీయాలు రాసిన ‘కొరెయో ద మన్యా’ త్వరలోనే ఎదురు తిరిగింది. దానికి ప్రకటనలు ఆగాయి, 1969లో యజమానురాలు జైలుకు వెళ్ళారు. ఆ పత్రిక చిక్కి చిక్కి 1974లో ఆగిపోయింది. పస్కిం పుట్టిందేమో 1969 జూన్ 26న. పార్లమెంటును మూసి, రాజకీయ కేసుల్లో అక్రమ నిర్బంధాన్ని కోర్టులో ప్రశ్నించే హెబియస్ కార్పస్ హక్కును అటకెక్కించిన 1968 డిసెంబర్ 13 నాటి శాసనం వచ్చి అప్పటికి ఆరు నెలలే.

అపోహ: రాజకీయ విమర్శ వల్లే అంత అమ్ముడైంది.

వాస్తవం: అమ్మింది భాష. మాట్లాడిన మాటను మాట్లాడినట్టే అచ్చేశారు. ఇంటర్వ్యూలో నవ్వులు, దారి తప్పిన కబుర్లు, ఎవరో మధ్యలో అడ్డుతగలడం కూడా డెస్క్ కత్తిరించలేదు. 1969 నవంబర్‌లో నటి లైలా దినిజ్ ఇంటర్వ్యూ వేసినప్పుడు బూతులున్న చోటల్లా నక్షత్రపు గుర్తులు (*) పెట్టారు. పేజీ నిండా నక్షత్రాలే. మొదలైన నెలల్లోనే సర్క్యులేషన్ 2 లక్షలకు చేరింది. 1970 జనవరిలో ప్రభుత్వం 1077 నంబరు డిక్రీ తెచ్చి, నైతికత పేరిట పత్రికలకు ముందస్తు సెన్సార్ పెట్టింది. జనం దానికి ఆ నటి పేరే తగిలించారు.

అపోహ: సిబ్బందిని జైల్లో వేస్తే పత్రిక ఆగిపోతుంది.

వాస్తవం: 1970 నవంబర్‌లో దాదాపు ఎడిటోరియల్ బృందం మొత్తాన్నీ పట్టుకెళ్ళి రెండు నెలలు లోపల ఉంచారు. సాకు ఒక కార్టూన్. స్వాతంత్ర్యం ప్రకటిస్తున్న రాకుమారుడి చారిత్రక చిత్రం మీద జాగ్వార్ అనే కార్టూనిస్టు మాటల బుడగ అతికించి, అప్పటి హిట్ పాటలోని ‘నాకు పాయా కావాలి’ అనే ముక్క పలికించాడు. బయట మిగిలిన మిల్లోర్ ఫెర్నాండెస్, హెన్‌ఫిల్, మార్తా అలెంకార్ పత్రికను ఆపలేదు. బయటి రచయితలు, గాయకులు కాపీ రాసిచ్చారు. అరెస్టు వార్త వేయనివ్వరు గనక, మనవాళ్ళందరికీ ఫ్లూ వచ్చిందని పాఠకులకు చెప్పారు. అయితే సర్క్యులేషన్ మాత్రం బాగా పడిపోయింది. జైలు దెబ్బ అక్కడ తగిలింది.

అపోహ: సెన్సార్ అంటే ఎర్ర పెన్నుతో నాలుగు లైన్లు కొట్టేయడం.

వాస్తవం: కొట్టేసిన లైన్ల కంటే పోయిన సమయం ఖరీదు. మొదట్లో పస్కిం సెన్సార్ అధికారులు రియోలోనే ఉండేవారు. ఒకావిడతో విస్కీ గ్లాసు మీద బేరాలు నడిచాయి, ఆమె ఉద్యోగం ఊడింది. తర్వాత ఒక రిటైర్డ్ జనరల్ వచ్చాడు. చివరికి కాపీ అంతా వెయ్యి కిలోమీటర్ల దూరంలోని రాజధాని బ్రసీలియాకు పంపాల్సి వచ్చింది, అక్కడ బేరమాడటానికి మనిషి ఎదురుగా ఉండడు. కొట్టేసిన దాని బదులు కొత్తది రాస్తే అదీ మళ్ళీ అంత దూరం పోయి రావాలి. అంచేత పేజీలకు సరిపోయే దానికంటే చాలా ఎక్కువ కాపీ, బొమ్మలు ముందే పంపక తప్పదు. ఈ వారం జరిగినదాని మీద రాసింది తిరిగొచ్చేసరికి పాతబడుతుంది. అందుకే తేదీతో పనిలేని కార్టూన్లే బతుకుతాయి.

మరి ఖాళీ వదిలేయొచ్చు కదా? 1975 జూన్‌లో, మన ఎమర్జెన్సీ మొదటి రోజుల్లో, ఇండియన్ ఎక్స్‌ప్రెస్ సంపాదకీయం చోటు ఖాళీగా వదిలింది. బ్రెజిల్లో ఆ వీలు కూడా ఇవ్వలేదు. సావో పావులోలోని ‘ఎస్తాదో’ దినపత్రిక కోత పడిన చోట 16వ శతాబ్దపు కవి కమోయిస్ పద్యాలు నింపింది, ఆరొందలకు పైగా సార్లు. దాని సోదర పత్రిక వంటకాలు వేసింది. రాజకీయ పేజీ నడుమ వంటకం కనిపిస్తే అక్కడేదో పోయిందని పాఠకుడికి అర్థమయ్యేది.

పెద్ద దినపత్రికల్లో చాలావాటికి ఆఫీసులో సెన్సార్ మనిషే అక్కర్లేదు. ‘పై ఆదేశం, ఫలానా విషయం రాయొద్దు’ అని పోలీసుల నుంచి ఫోను వస్తే చాలు. డెస్క్‌కు తెలియని వార్త కొన్నిసార్లు ఆ ఫోనుతోనే తెలిసేది, అదో విచిత్రం. 1970ల మొదట్లో సావో పావులోలో మెనింజైటిస్ (మెదడు పొరల వాపు) మహమ్మారి వార్తలను కూడా ఇలాగే తొక్కిపెట్టారు. అప్పుడు నష్టపోయింది పత్రికలు కాదు, పిల్లలు.

అపోహ: 1975లో ముందస్తు సెన్సార్ ఎత్తేశాక పస్కింకు స్వేచ్ఛ వచ్చింది.

వాస్తవం: సెన్సార్ లేకపోవడం స్వేచ్ఛ కాదని మిల్లోర్ 300వ సంచికలోనే రాశాడు. ఆ సంచికను స్టాళ్ళ నుంచి ఎత్తుకెళ్ళారు. లెక్క చూడండి: ముందే కొట్టేస్తే పోయేది రాసిన శ్రమ. అచ్చయ్యాక పట్టుకుపోతే న్యూస్‌ప్రింట్, ప్రెస్ ఛార్జీ, రవాణా అన్నీ ఖర్చయిపోయి ఉంటాయి, వసూలు సున్నా. వారపత్రికకు ఒక సంచిక పోతే నెల అమ్మకాల్లో పావు వంతు పోయినట్టే. అసలు బాధ ఆ తర్వాత: ఏది రాస్తే పట్టుకుపోతారో చెప్పేవాడు లేడు కాబట్టి ఎడిటరే తన కాపీకి సెన్సార్ అయి కూర్చుంటాడు.

అపోహ: నొక్కింది ప్రభుత్వం ఒక్కటే.

వాస్తవం: 1980 నాటికి సడలింపు మొదలైంది. అది నచ్చని అతివాద ముఠాలు పస్కింలాంటి పత్రికలు అమ్మే బంకులకు బెదిరింపులు పంపి, కొన్నింట్లో బాంబులు పెట్టాయి. బంకు నడుపుకునేవాడికి ఒక వారపత్రిక మీద మిగిలేది చిల్లర, కాలితే పోయేది బతుకుతెరువు. చాలామంది ఆ పత్రికల్ని వద్దన్నారు. చందాల మీద కాకుండా బంకుల మీదే బతికే పత్రికకు ఇంతకంటే పెద్ద దెబ్బ లేదు. అయినా పస్కిం సైనిక పాలన కంటే ఆరేళ్ళు ఎక్కువే బతికి, 1991 నవంబర్‌లో ఆగిపోయింది.