చంద్రకాంతకు వేళైందని ఎవరు చెప్పారు?

ప్రియమైన పిల్లలకు,

"తాతయ్యా, ఈ ఎండలకు మన నాలుకలే పిడచకట్టుకుపోతున్నాయి, పెరట్లో చంద్రకాంత అన్నేసి పూలు ఎలా పూస్తోంది? పూసేదేదో పొద్దున్నే పూయకుండా సాయంత్రం దాకా ఎందుకు ఆగుతుంది?" అని మీలో చిన్నది అడిగింది. మొదటిదానికి జవాబు తేలికే. దాని వేరు దుంపలా ఊరి నీళ్లు, ఆహారం దాచుకుంటుంది. రెండోదే అసలు సంగతి.

పువ్వును ఒక కొట్టు అనుకోండి. బేరం వచ్చే వేళకే కదా తలుపులు తీయాలి! గడ్డిగులాబీ దగ్గరికి వచ్చేవి తేనెటీగలు. అవి తిరిగేది ఎండలో. అందుకే అది ఎండెక్కాక తెరిచి, మధ్యాహ్నం దాటాక కట్టేస్తుంది. మబ్బు పట్టిన రోజున సరిగా తెరవనే తెరవదు. చంద్రకాంత బేరగాళ్లు వేరు. మునిమాపువేళ బయల్దేరే పెద్ద చిమ్మటలు. అవి కొట్టు గుమ్మం ఎక్కవు. పువ్వు ఎదుట గాలిలోనే రెక్కలాడిస్తూ నిలబడి, చుట్టచుట్టుకున్న పొడవాటి నాలుకను చాచి, గొట్టం అడుగున ఉన్న తేనె తాగుతాయి. పొట్టి నాలుకల వాళ్లకు అక్కడ సరుకు అందదు. తాగినందుకు వెల ఏమిటంటారా? ఒంటికి అంటిన పుప్పొడిని పక్క కొట్టుకు చేరవేయడమే. చీకట్లో కొట్టు ఎక్కడుందో తెలియాలి కనుక ఆ వాసన. మల్లెదీ ఇదే వ్యాపారం. తెల్లారి ఎండ తగిలేసరికి చంద్రకాంత ముడుచుకుపోతుంది, ఆ పువ్వు మళ్లీ తెరవదు. సాయంత్రానికి వేరే మొగ్గలు విచ్చుతాయి. ఇక కొట్టు కట్టేయమని మీ నాయనమ్మ అంటోంది కాబట్టి అరువు ఖాతాల జోలికి పోవడం లేదు.

మా చిన్నప్పుడు చంద్రకాంతలు విచ్చాయంటే ఆటలకు వేళైందని లెక్క. పువ్వు అడుగున ఆకుపచ్చని గుండు ఉంటుంది. దాన్ని మెల్లగా లాగితే సన్నని దారం పట్టుకుని వేలాడుతుంది. మా అక్క దాన్ని లోలాకులా చెవికి తగిలించుకుని తల ఊపుతూ తిరిగేది. మేము మిరియాల్లాంటి నల్లగింజలు చిదిపి, లోపలి తెల్లపిండి ముఖానికి పూసుకునేవాళ్లం. మీరు మాత్రం ఆ గింజలు నోట్లో పెట్టకండి, విషం. ముట్టుకుంటే చేతులు కడుక్కోండి.

అది సరే, వేళైందని మొక్కకు ఎవరు చెబుతారు? 1729లో ఫ్రాన్సులో మేరాన్ అనే ఆయన అత్తిపత్తి జాతి మొక్కను చీకట్లో పెట్టి చూశాడు. వెలుగు సోకకపోయినా అది పగటివేళకు ఆకులు విప్పింది, రాత్రివేళకు ముడిచింది. అంటే గడియారం మొక్క లోపలే ఉందన్నమాట! అదెలా నడుస్తుందో వివరించే ఓపిక నాకు లేదు. తలచుకుంటే మాత్రం ఇప్పటికీ ముచ్చటేస్తుంది.

రేపు పదకొండు గంటలప్పుడు టోపీ పెట్టుకుని గడ్డిగులాబీల దగ్గరికి వెళ్లండి. బాగా విచ్చిన పువ్వు ఒకటి చూసి, నడిమిన గుత్తిగా ఉన్న పసుపు కేసరాలను పుల్లతో సుతారంగా తాకండి. కాసేపు కదలకుండా చూడండి, అవి కదులుతాయి. ఏ పక్క తాకితే ఎటు వంగాయో నాకు రాయండి.

మీ
తాతయ్య